మేకుకెక్కని చీటీ

మార్చి పదిహేడో తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర. ఆసుపత్రి మొదటి అంతస్తులో సూపరింటెండెంటు గది. హాజరైనవారు ఐదుగురు: విచారణ జరిపే సూపరింటెండెంటు, ఆపరేషన్ థియేటరు పెద్ద నర్సు, మాట పొల్లుపోకుండా రాసుకునే గుమస్తా, పరికరాలను ఆవిరిలో శుద్ధిచేసే గదిలో మధ్యాహ్నపు డ్యూటీ చేసే ఉద్యోగి (నిందితుడు), అదే గదిలో ఉదయపు డ్యూటీ చేసే మరొకడు (సాక్షి). సాక్షి అక్కగారి మొగుడే నిందితుడు. ఈ ముక్క గుమస్తా కాగితం మీద పెట్టలేదు. ఆ బావా బావమరదులు పదకొండేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదన్న సంగతీ పెట్టలేదు. ఆసుపత్రిలో గోడలకు కూడా తెలిసిన విషయాలను రాయడమెందుకని కాబోలు.

సాక్షిని అందరూ కొలబద్ద అనేవారు. కత్తెరలను పొడవు వారీగా పేర్చి, చిమటాలను నోళ్లన్నీ ఒకే వైపు తిరిగేలా సర్ది, రిజిస్టరులో గీత కొట్టవలసి వస్తే స్కేలు పెట్టి కొట్టే మనిషి. ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ నడుస్తాడు. ఆ రోజు కూడా కుర్చీని బల్లకు సమాంతరంగా జరుపుకుని కూర్చున్నాడు. చొక్కా జేబులో చిన్న డైరీ ఉంది. డైరీలో, ఫిబ్రవరి ఇరవై ఆరో తేదీ పేజీలో, నాలుగు పంక్తుల చీటీ ఒకటి ఉంది. అది అక్కడ ఉన్నట్టు ఈ భూమ్మీద అతనికొక్కడికే తెలుసు.

సూపరింటెండెంటు కళ్లద్దాల మీదుగా నిందితుణ్ణి చూసింది.

"ఫిబ్రవరి ఇరవై ఆరో తేదీన రెండుంబావుకి నాలుగో డ్రమ్ము థియేటరుకి పంపింది మీరే కదా?"

"నేనే మేడమ్."

"పట్టీ చూశారా?"

పరికరాలు నింపి ఆవిరి పట్టే ఆ డ్రమ్ములో పెట్టే కాగితపు పట్టీ మీద లేత చారలుంటాయి. కావలసిన వేడిలో కావలసినంత సేపు ఉంటే అవి నల్లబడతాయి. నల్లబడకపోతే లోపలి సరుకు శుద్ధి కానట్టే.

"చూశాను. నల్లగానే ఉంది."

"నల్లగా ఉందా," అంది పెద్ద నర్సు. "మర్నాడు ఖాళీ డ్రమ్ములో నాకు దొరికిన పట్టీ టీ నీళ్ల రంగులో ఉంది. మీ ఇంట్లో నలుపంటే అదేనా?"

"మరి వాడేముందు మీరెందుకు చూడలేదమ్మా? థియేటర్లో గుడ్డివాళ్లా ఉన్నది?"

"మాటలు జాగ్రత్త."

"నేను జాగ్రత్తగానే అంటున్నా. మా గదిలో ఒక పద్ధతుంది. లోడు సరిగా కాకపోతే పొద్దుటి మనిషి చీటీ రాసి తలుపు పక్క మేకుకి గుచ్చుతాడు. చీటీ లేదంటే అంతా సవ్యమే. ఆ రోజు మేకు బోసిగా ఉంది. బోసి మేకుని చూసి నేనేం చదువుకోను?"

పద్ధతి అన్నమాట నిజమే. కానీ అది ఆసుపత్రి పద్ధతి కాదు. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ కలిసి డ్రమ్ము తెరిచి, ఇద్దరూ పట్టీ చూసి సంతకం చేయాలని రిజిస్టరు ప్రతి పేజీ నెత్తినా అచ్చువేసి ఉంది. కలిసి చూడాలంటే భుజం భుజం రాసుకుని నిలబడాలి. ఆ భుజాలు కలవవు. అందుకని కొలబద్ద ఒకనాడు మేకు కొట్టాడు. బావగారికైతే చీటీ రాసే ఓపిక కూడా లేదు. చెప్పవలసింది ఏమైనా ఉంటే యంత్రానికి చెప్పేవాడు. "మెషినూ, విన్నావుటే, పెద్ద కత్తెరలు రెండు తక్కువొచ్చాయి, మీ పండితుణ్ణి వెతుక్కోమను," అనేవాడు. పండితుడు వెతికి, దొరికినట్టు చీటీ గుచ్చేవాడు. ఇలా పదకొండేళ్లు నడిచింది. నడిచినన్నాళ్లూ అది కూడా ఒక క్రమశిక్షణేననీ, తగాదాను సైతం తాను ఇంత శుభ్రంగా నిర్వహిస్తున్నాననీ కొలబద్దకు లోలోపల ఒకలాంటి గర్వం.

సూపరింటెండెంటు సాక్షివైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఆ వేలు పోయిన మనిషి కుట్టుపని చేసుకుని బతుకుతుంది. ఆ డ్రమ్ములోని పరికరాలతో చేసింది చిన్న ఆపరేషను. చీము పట్టి మళ్లీ కోయవలసి వచ్చింది. కుడిచేతి చూపుడువేలు ఇక వంగదు. సాయంత్రానికి నా నివేదిక పైకి పోవాలి. ఒక్కటే ప్రశ్న. చీటీ పెట్టారా, లేదా?"

గుమస్తా కలం ఎత్తి పట్టుకున్నాడు. బావ ఇటు చూడలేదు. కిటికీలోంచి నీళ్ల ట్యాంకును చూస్తున్నాడు. పెట్టానంటే చాలు. కొలబద్ద మాటకు ఆ భవనంలో తిరుగులేదు. బావ ఇరవై ఆరేళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటతో గంగలో కలుస్తుంది. లేదంటే కలిసేది తన ఉద్యోగం.

"నేను మధ్యాహ్నం చెప్తాను మేడమ్. ఒకసారి గదిలోకి వెళ్లి చూసుకోవాలి."

"చూసుకోవడానికేముంది? మీరు నిరుటి మాట కూడా నిమిషాలతో చెప్తారు కదా."

"తప్పు చెప్పకూడదని."

బావ ట్యాంకుతో అన్నట్టుగా అన్నాడు: "పంచాంగం చూసుకుంటాడు కాబోలు. అబద్ధానికి కూడా మంచి ముహూర్తం ఉండాలి."

మూడు గంటలకు మళ్లీ రమ్మని సూపరింటెండెంటు ఫైలు మూసింది.

*

ఆవిరి గదికి కిటికీల్లేవు. రెండు యంత్రాలు, పొడవాటి స్టీలు బల్ల, డ్రమ్ముల అల్మరా, బట్టల తొట్టిబండి వచ్చి ఆగే చిన్న గవాక్షం. విచారణ తేలేదాకా పనంతా పక్క ఆసుపత్రికి పంపుతున్నారు గనుక యంత్రాలు చల్లబడి ఉన్నాయి. కొలబద్ద తలుపు గడియ వేసి, డైరీ తీసి, చీటీని బల్లమీద పరిచాడు.

"మూత రబ్బరు గాస్కెట్ దగ్గర ఆవిరి పోతోంది. వేడి నిలవలేదు. తొమ్మిది నిమిషాలకే ఆపాను. నాలుగో డ్రమ్ము పంపవద్దు, మళ్లీ వేయాలి." కింద సమయం: ఒంటిగంటా యాభై రెండు.

అబద్ధం ఒక్కక్షరం లేదు. ఆ చీటీ రాసిన చెయ్యి దాన్ని మేకుదాకా తీసుకుపోయిన మాట కూడా అబద్ధం కాదు. సరిగ్గా ఆ నిమిషంలో బావ లోపలికొచ్చాడు. చేతిసంచీ కొక్కేనికి తగిలించి, యంత్రం వీపు తట్టి, "ఏమే, కుంటి గడియారం ఇంకా తిరుగుతూనే ఉందా? పోనీ పాపం, ఒంటి ముల్లుతో ఎంతకని తిరుగుతుంది," అన్నాడు.

కొత్త తిట్టు కాదు. నెలకోసారైనా వినేదే. అయినా ఆనాడు మేకుదాకా పోయిన చెయ్యి వెనక్కి వచ్చి జేబులోకి పోయింది. డ్రమ్ము తెరుస్తాడు, పట్టీ తెల్లమొహం వేస్తుంది, మళ్లీ వేయాలి, థియేటరులో డాక్టర్లు చేతులు కడుక్కుని నిలబడి ఉంటారు, ఫోన్లో నాలుగు చివాట్లు తింటాడు. అంతే. ఒక పూట చివాట్లు. అంతకుమించి కోరలేదని కొలబద్ద ఈ మూడు వారాల్లో వందసార్లు తనకు తాను సాక్ష్యం చెప్పుకున్నాడు. రెండింటికి గొడుగు తీసుకుని ఇంటికి పోయాడు. మర్నాడు ఆరింటికి వచ్చి రిజిస్టరు తెరిస్తే "తెరిచినవారు" అన్న గడిలో బావ సంతకం ఉంది. అల్మరాలో నాలుగో డ్రమ్ము లేదు. అప్పుడైనా థియేటరుకు ఫోను చేయవచ్చు. ఫోను బల్లమీదే ఉంది. పెద్ద నర్సు పదింటికి పట్టీ పట్టుకుని కేకలేస్తూ వచ్చేదాకా కత్తెరలు పేరుస్తూ కూర్చున్నాడు. ఆ నాలుగు గంటలకు సాక్ష్యం చెప్పుకునే మార్గం అతనికి ఇంతవరకూ దొరకలేదు.

ఇప్పుడు మాత్రం వేరే మార్గమొకటి కనిపిస్తోంది. మేకు కింద, బల్లకూ గోడకూ మధ్య, రెండువేళ్ల సందు ఉంది. దూది పీలికలు, విరిగిన పెన్సిళ్లు, పాత చీటీలు అందులోకి జారిపోతూ ఉంటాయి. ఈ చీటీ కూడా జారిపోయి ఉండవచ్చు. తాను నోరు విప్పనక్కరలేదు. "బల్ల జరిపి చూడండి" అంటే చాలు. రాసింది నిజం, సమయం నిజం, దస్తూరి తనది. గాలికి పడిందంటే ఎవరి తప్పూ లేదు. బావ తప్పు కూడా సగానికి దిగుతుంది. పట్టీ చూడనందుకు ఒక మెమో ఇచ్చి ఊరుకుంటారు. పాము చావదు, కర్రా విరగదు.

ఒక్క లోపం. మేకుకు గుచ్చిన చీటీలన్నిటికీ చిల్లుంటుంది. దీనికి లేదు.

కొలబద్ద చీటీని రెండు చేతులా పట్టుకుని, మేకుకు ఎదురుగా పెట్టి, బొటనవేళ్లతో నొక్కాడు. టప్ మని చిన్న చప్పుడైంది. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. చిల్లు సరిగ్గా మధ్యలో, అంచుకు అంగుళం కింద పడింది. చీటీని మేకునుంచి తీసి సందు మీదికి చాపాడు. వేళ్లు వదిలితే సరిపోతుంది.

గవాక్షం మీద ఎవరో పిడికిలితో కొట్టారు.

అక్క. ఆమె ఆసుపత్రి చాకిరేవులోనే పనిచేస్తుంది. థియేటరు దుప్పట్లు మడతపెట్టి తొట్టిబండిలో తెస్తుంది. ఆ రోజు బండి లేదు. కొలబద్ద చీటీని గుప్పిట్లో దాచి గవాక్షం తీశాడు.

"నోరు పెగల్లేదటగా," అంది అక్క.

"నీకెవరు చెప్పారు?"

"చెప్పడమెందుకు? ఆసుపత్రంతా వాసనేస్తోంది. లోపల గడియేసుకుని ఏం చేస్తున్నావు, జపమా?"

"మొగుడి తరఫున వచ్చావా?"

"ఛీ. ఆయన తరఫున రావడానికి ఆయనేమైనా బుద్ధుడా? కళ్లజోడు సంచీలో పెట్టుకుని పట్టీ చూశానంటే నేను నమ్ముతాననుకున్నావా? ఇంట్లో బియ్యంలో రాళ్లు కనపడని మనిషికి చారలు కనపడతాయిట." పైటచెంగుతో మెడ తుడుచుకుంది. "పదకొండేళ్లు, ఇద్దరు మొండిఘటాల మధ్య తిరగలి కింద రాయిలాగా పడి ఉన్నాను. మీలో ఎవరిది తప్పని ఒక్కనాడైనా అడిగానా? ఇవాళ అడుగుతున్నా. తమ్ముడివని కాదు, ఇక్కడ పనిచేసే మనిషిగా అడుగుతున్నా. ఆ గుడ్డలు మడతపెట్టింది కూడా నేనే. చీటీ పెట్టావా?"

గుప్పిట్లో కాగితం చెమటకు మెత్తబడింది.

"తెరిచేవాడు పట్టీ చూసుకోవాలి," అన్నాడు కొలబద్ద.

ఆమె చూపు తమ్ముడి ముఖం మీదినుంచి జారి, బల్ల అంచు దాటి, అతను బరువు ఆనించకుండా నిలబెట్టిన ఎడమకాలి మీద ఆగింది.

"ఈ మాట నాకు కొత్త కాదురా," అంది. "మా ఇంటి వసారాలో విన్నాను. నువ్వు సిమెంటు పట్టీతో మంచంలో ఉన్నప్పుడు." గవాక్షం రెక్క ఆమే లాగి మూసేసింది. చెప్పుల చప్పుడు నడవ చివరిదాకా వినిపించింది.

పదకొండేళ్ల కిందట బావ కొలబద్ద ఇంటి నిచ్చెన అరువు తీసుకుపోయి, పై మెట్టు పగిలిపోతే, పగిలినట్టు చెప్పకుండా తెచ్చి గోడకు ఆనించిపోయాడు. కొలబద్ద పుస్తకాల అటక ఎక్కబోయి ఎనిమిదడుగుల ఎత్తునుంచి పడ్డాడు. తుంటి దగ్గర ఎముక విరిగి, అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. నలుగురూ చేరి బావను నిలదీస్తే వసారాలో కాలు మీద కాలేసుకుని అన్నాడు: "ఎక్కేవాడు మెట్టు చూసుకోవాలి." కొలబద్ద పడినందుకు క్షమించి ఉండేవాడు. విరిగినందుకూ క్షమించి ఉండేవాడు. తెలిసి చెప్పకపోవడం ఒక్కటే క్షమించరానిదని ఆనాడు తీర్మానించి, ఆ తీర్మానం మీద పదకొండేళ్ల మౌనాన్ని ఇటుక మీద ఇటుకగా కట్టుకొచ్చాడు.

గుప్పిట విప్పాడు. చీటీని బల్లమీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. చిల్లు మాత్రం సాపు కాలేదు.

*

మూడు గంటలకు అదే గది, అదే ఐదుగురు.

కొలబద్ద కూర్చోకుండానే డైరీలోంచి చీటీ తీసి సూపరింటెండెంటు ముందు పెట్టాడు. ఆమె చదివింది. ముఖం మీద ముడి విడిపోయింది.

"ఇదిగో. ఇది ఎక్కడ దొరికింది? బల్ల వెనకా?"

"మేడమ్..."

"చిల్లు కూడా ఉంది. మేకుకి పెట్టినట్టే కదా. గాలికి పడిపోయి ఉంటుంది. గుమస్తాగారూ, రాసుకోండి: సాక్షి నియమం ప్రకారం..."

"రాయకండి," అన్నాడు కొలబద్ద. "ఆ చిల్లు ఇవాళ పన్నెండున్నరకి పెట్టాను. నేనే. అప్పటిదాకా దానికి చిల్లు లేదు. ఆ రోజు అది మేకుకి ఎక్కలేదు. నా జేబులో ఉంది."

సూపరింటెండెంటు చీటీని వేలి కొసతో దూరంగా నెట్టింది, దానికేదో అంటుకుని ఉన్నట్టు.

"మర్చిపోయారా?"

"లేదు. పెట్టబోయి మానేశాను. ఆయన తెరిచి చూసి మళ్లీ వేసుకుంటాడు, మాటలు పడతాడు అనుకున్నాను."

"మాటలు పడాలనా?" పెద్ద నర్సు గొంతు సన్నగా పలికింది. "అందుకోసం... నేను మీ డ్రమ్మొస్తే కళ్లు మూసుకుని తెరిచేదాన్ని. కొలబద్ద సరుకు, చూడక్కర్లేదు అని పిల్లలకి చెప్పేదాన్ని."

"అందుకే మీరూ చూడలేదు."

"నా మీదికి తోస్తున్నారా ఇప్పుడు?"

"లేదు. మర్నాడు ఆరింటికి రిజిస్టరు చూసి నాకు తెలిసింది, డ్రమ్ము వెళ్లిపోయిందని. పదిదాకా చెప్పలేదు. అది కూడా రాసుకోండి."

గుమస్తా రాస్తున్నాడు. కలం కాగితం మీద గోకుతోంది. సూపరింటెండెంటు కళ్లద్దాలు తీసి బల్లమీద పడేసింది. ఒకే ఒక తలతో సాయంత్రానికల్లా ముగియవలసిన నివేదిక ఇప్పుడు రెండు తలలతో, బహుశా మూడింటితో, ఎన్ని నెలలకు తెగుతుందో తెలియని వ్యవహారమైంది. ఆ కోపమంతా ఆమె కొలబద్ద మీదే పెట్టింది.

"నిర్లక్ష్యానికి మందుంది. దీనికేముంది? తెలిసి చేశారు. రేపట్నుంచి మీరు ఆ గది గడప తొక్కడానికి వీల్లేదు. ఇద్దరూ సస్పెన్షన్. పట్టీ చూడకుండా సంతకం చేసినందుకు ఆయన మీద వేరే చార్జీ. కానీ ఉద్యోగం పోయేది మీదే అనుకోండి."

"అనుకునే వచ్చాను."

అప్పుడు బావ కిటికీనుంచి తల తిప్పాడు. సంచీలోంచి కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. చెయ్యి చాపి చీటీ అందుకుని, ఒక్కో పంక్తీ పెదవులు కదిలిస్తూ చదివాడు. చదివి, పదకొండేళ్లలో మొదటిసారి, యంత్రంతో కాకుండా, ట్యాంకుతో కాకుండా, మనిషితో మాట్లాడాడు.

"దస్తూరి మాత్రం ముత్యాలేరా. గుచ్చి ఉంటే చదివేవాణ్ణే."

బావ చీటీని బల్లమీద పెట్టాడు.

"నిచ్చెన బాకీ తీర్చుకున్నావన్నమాట."

"తీరలేదు బావా."

"తీరలేదా? నా ఇరవై ఆరేళ్లకి మచ్చ. ఒక ఆడమనిషి వేలు. నీ నౌకరీ. ఇంకా తీరలేదా? నీ కాలు అంత ఖరీదా?"

"కాలు సంగతి కాదు."

"మరి దేని సంగతి? ఇప్పుడొచ్చి సత్యహరిశ్చంద్రుడిలా చెప్తే నేను చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకోవాలా? పొద్దున్న చెప్పొచ్చుగా. ముందు చిల్లు పొడిచి చూసుకుని, దాంతో అబద్ధం అల్లడం కుదరదని తెలిశాక వచ్చావు."

ఇది కూడా నిజమే. బావ నోటినుంచి వచ్చినంతమాత్రాన నిజం కాకుండా పోదు. కొలబద్ద తల ఊపాడు. ఆ ఊపడం బావకు ఇంకా కోపం తెప్పించింది.

"మా ఇంటికి రావద్దు. అక్క ఉందని కూడా రావద్దు."

"ఎప్పుడొచ్చాను గనుక?"

"ఇకముందూ రావద్దంటున్నా."

"మీ ఇంటి సంగతులు బయట," అంది సూపరింటెండెంటు. "గుమస్తాగారూ, చదవండి."

గుమస్తా చదివాడు. "సాక్షి" అన్న చోటల్లా గీతకొట్టి "రెండవ నిందితుడు" అని పైన రాశాడు. గీతలు చేత్తో కొట్టినవి, వంకరగా ఉన్నాయి. కొలబద్ద వేళ్లు అలవాటుకొద్దీ స్కేలు కోసం జేబు తడిమి ఆగిపోయాయి. "పొరపాటున చీటీ పెట్టలేదు" అన్న చోట అతను చెయ్యెత్తాడు.

"పొరపాటున అన్నది తీసేయండి. కావాలని పెట్టలేదు అని రాయండి."

గుమస్తా సూపరింటెండెంటు వైపు చూశాడు. ఆమె భుజాలెగరేసింది. ఒక మాట పోయి ఒక మాట వచ్చింది.

కొలబద్ద సంతకం చేశాడు. కింద తేదీ వేశాడు, సమయం వేశాడు: మూడూ నలభై ఒకటి. విన్నవాడిగా బావ కూడా సంతకం చేయవలసి ఉంది. కొలబద్ద తన కలాన్ని మూత తీసి అతని వైపు జరిపాడు. బావ దాన్ని ముట్టుకోలేదు. గుమస్తా చేతిలోని కలం లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, మొదటి పంక్తినుంచి చివరి పంక్తిదాకా మొత్తం చదివి, అప్పుడు సంతకం చేశాడు. తర్వాత సంచీ భుజాన వేసుకుని ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

గుమస్తా చిల్లుపడ్డ చీటీని వాంగ్మూలం మధ్యలో పెట్టి, కాగితాలను మూడు మడతలు మడిచి, కవరులో దూర్చి, ఇనుప అల్మరా రెండో అరలో పెట్టి తాళం వేశాడు.